సంక్రాంతికి ఇంటికొచ్చిన ట్రైనీ పైలట్లూ, తిరిగెళ్లే ముందు ఇవి చూసుకోండి

కనుమ అయ్యాక విజయనగరం స్టేషన్లో రైలెక్కే ఫ్లయింగ్ స్టూడెంట్ల కోసం.

జలుబుతో విమానం ఎక్కొద్దు. పైకి వెళ్లేటప్పుడు చెవిలోని గాలి తనంతట తనే బయటికొస్తుంది, దిగేటప్పుడే తిరిగి లోపలికి వెళ్లదు. ఎగిరే ముందే ముక్కు పట్టుకుని, నోరు మూసి మెల్లిగా ఊదండి. రెండు చెవులూ 'టప్' మనాలి. ఒక్కటే అంటే ఆ రోజు సెలవే. ట్రైనింగులో నేను మాట వినలేదు. ఫైనల్‌కి, అంటే రన్‌వేకి ఎదురుగా దిగే చివరి దశకి వచ్చేసరికి చెవిలో సూది దించినట్టయింది, రేడియోలో చెప్పింది సగం వినబడలేదు.

మెడికల్ షాపు జలుబు మాత్ర వేసుకుని ఎగరడం ఇంకో తప్పు. ముక్కు తెరుచుకున్నా మత్తు మిగిలే ఉంటుంది. విమానయాన డాక్టరుని అడగండి.

మద్యం: మన రూలు ప్రకారం ఫ్లయిటుకి ముందు 12 గంటలు ముట్టకూడదు. హ్యాంగోవర్ గడియారం చూసి పోదు. ఆల్కహాల్ ఉన్న మౌత్‌వాష్ కూడా వద్దు, బ్రీత్ టెస్టులో దొరికిపోతారు.

రుషికొండలో స్కూబా చేశారా? 24 గంటలు నేల మీదే ఉండండి. రక్తంలో కరిగిన నైట్రోజన్ పైన బుడగలు కడుతుంది.

రాత్రంతా జనరల్ బోగీలో నిలబడి వెళ్లి పొద్దున్నే సార్టీ (ట్రైనింగ్ ఫ్లయిట్) పెట్టుకోకండి.

నైట్ ఫ్లయింగుంటే ముందు అరగంట ఫోన్ చూడొద్దు. కళ్లు చీకటికి అలవాటు పడటానికి అంత టైం పడుతుంది, ఒక్క వాట్సాప్ మెసేజ్ చూస్తే మళ్లీ మొదటికే.