చల్లారిన ప్రార్థన జీవితాన్ని తిరిగి రగిలించుకోవడం ఎలా

విశ్వాసి దేవునికి ఒక్కరోజులో దూరం కాడు. మా ఒంగోలు వైపు సంఘాల్లో ఇటువంటివారిని గురించి "ఫలానా ఆయన చల్లారిపోయాడండి" అంటారు. పొయ్యి చల్లారడానికి ఎవరూ నీళ్ళు పోయనక్కరలేదు, కట్టె వేయడం మానితే చాలు. మొదట ఆగిపోయేది ఎవరూ చూడని ఏకాంత ప్రార్థన. అది ఆగిన తరువాత కూడా మనిషి నెలల తరబడి మందిరానికి వస్తాడు, కీర్తన పాడతాడు, కానుక వేస్తాడు, పాస్టరు గారు అడిగితే లేచి ప్రార్థన కూడా చేస్తాడు. అందువలన మందిరంలో హాజరును బట్టి మీ స్థితిని అంచనా వేసుకోకండి. కుటుంబ ప్రార్థనను మీరు తప్పుకొని ఇంట్లో ఆడవాళ్ళకు అప్పగిస్తున్నారా, ప్రసంగం వింటున్నంతసేపూ ఇది ఫలానావారికి బాగా తగులుతుందని అనుకుంటున్నారా, ఒక మనిషి పేరు వినగానే గుండెలో ఏదో బిగుసుకుంటున్నదా అని చూసుకోండి. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా తిరుగుప్రయాణం గురించి ఆలోచించవలసిన సమయం వచ్చినట్టే.

నాకు జరిగినది చెబుతాను. టంగుటూరు దగ్గర మాది పొగాకు సాగు. బ్యారన్, అంటే ఆకును వేడితో ఆరబెట్టే గది, నింపిన తరువాత ఆకు ఆరేవరకు ఐదారు రోజులపాటు రాత్రింబవళ్ళు పొయ్యి దగ్గర మనిషి ఉండాలి, మాటిమాటికీ టార్చి వేసి లోపలి థర్మామీటరు చూసుకోవాలి. ఒక సంవత్సరం ఆ పనిలో తెల్లవారుజామున చేసే ప్రార్థన మానేశాను, క్యూరింగ్, అంటే ఈ ఆరబెట్టే పని, అయ్యాక మొదలుపెడదామనుకున్నాను. క్యూరింగ్ అయింది, గ్రేడింగ్ వచ్చింది, ఆ వెనుకే వేలం వచ్చింది. ఎండలు తగ్గుముఖం పట్టాక ఒకనాడు గూట్లోని బైబిలు తీసి చూస్తే, ఎర్ర రిబ్బను జనవరిలో ఆపిన యిర్మీయా గ్రంథం దగ్గరే ఉంది. దాన్ని పక్కకు తీస్తే కింద కాగితం మీద రిబ్బను అచ్చు గీతలాగా పడి ఉంది. ఆ గీతను చూస్తూ చాలాసేపు కూర్చుండిపోయాను.

తిరిగి రావాలనుకునేవారు మొదట చేయవలసిన పని, ఎక్కడ ఆగిపోయారో ఆ చోటు వెదకడం. ప్రకటన గ్రంథంలో ఎఫెసు సంఘానికి ప్రభువు చెప్పిన మాట ఇదే: "నీవు ఏ స్థితిలోనుండి పడితివో అది జ్ఞాపకము చేసికొని మారుమనస్సుపొంది ఆ మొదటి క్రియలను చేయుము." ఇక్కడ జ్ఞాపకం చేసుకోవడం ముందు వచ్చింది, క్రియలు తరువాత వచ్చాయి. ఒక కాగితం తీసుకొని, చివరిసారి ఇష్టపడి ప్రార్థించిన కాలం ఏదో రాయండి; ఆ తరువాత ఇంట్లో, పొలంలో, ఉద్యోగంలో, సంఘంలో ఏమేమి జరిగాయో నెలలవారీగా రాయండి. నేను అలా రాసేవరకు తప్పంతా బ్యారన్ పని మీదే నెట్టుకుంటూ వచ్చాను. రాసిన తరువాత తెలిసింది, అంతకుముందు డిసెంబరులోనే పొలం గట్టు విషయంలో మా అన్నతో మాటా మాటా పెరిగి, నేను అనకూడని మాట అన్నానని, ఆ రోజునుంచే నా ప్రార్థన పెదవుల దాకా వచ్చి ఆగిపోతున్నదని.

అయితే ప్రతి ఎండిన కాలాన్నీ పాపానికి ముడిపెట్టడం తప్పు, ఈ తప్పు మన సంఘాల్లో తరచుగా జరుగుతున్నది. బదరీచెట్టు కింద చావు కోరుకున్న ఏలీయా ప్రవక్తను దేవదూత గద్దించలేదు. నిద్రపోనిచ్చి, లేపి రొట్టె, నీళ్ళు ఇచ్చి, మళ్ళీ పడుకోనిచ్చి, ఇంకొకసారి లేపి తినమన్నాడు. దేవుడు అతనితో హోరేబు కొండ దగ్గర మాట్లాడినది ఆ తరువాతనే. బిడ్డను పోగొట్టుకున్న తల్లి, రొయ్యల చెరువుల మీద రాత్రి కాపలాతో నెలల తరబడి నిద్రలేని కుర్రవాడు, ప్రసవమైన తరువాత కారణం తెలియకుండా ఏడ్చే కోడలు, వీరికి కావలసినవి విశ్రాంతి, తిండి, తోడు. దిగులు వారాల తరబడి వదలకపోతే డాక్టరుకు చూపించాలి. డాక్టరు దగ్గరకు వెళ్ళడం అవిశ్వాసమని చెప్పేవారి మాట వినకండి.

కారణం పాపమే అయినప్పుడు దానిని పేరు పెట్టి ఒప్పుకోవాలి. "తెలిసీ తెలియక చేసిన తప్పులు క్షమించు ప్రభువా" అనే మాట మనకు నోటికి అలవాటైపోయిన మాట, అందుకే అది ఏ తప్పునూ తాకదు. దావీదు కీర్తనలలో ముప్పది రెండవదీ, ఏబది యొకటవదీ ఒక్కొక్క వచనం పైకి చదువుతూ, ప్రతి వచనం దగ్గర ఆగి మీ సంగతి మీ మాటల్లో చెప్పండి. రహస్య పాపాన్ని సంఘమంతటి ముందు చెప్పనక్కరలేదు. మాట దాచగలిగిన పెద్దకు ఒక్కరికి చెప్పుకోండి. మనిషి విషయంలో చేసిన తప్పుకు మాత్రం ఆ మనిషి దగ్గరికే వెళ్ళాలి, ఎందుకంటే అర్పణను బలిపీఠం ఎదుటే విడిచి ముందు సహోదరునితో సమాధానపడమని ప్రభువు చెప్పాడు. నేను ఒక శనివారం సాయంత్రం మా అన్న ఇంటికి వెళ్ళాను. గట్టు ఎవరిదనే మాట ఎత్తలేదు. "అన్నా, ఆ రోజు నేను అన్న మాట తప్పు" అన్నాను. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. వదిన మజ్జిగ తెచ్చి ఇద్దరి మధ్యా పెట్టింది. గట్టు తగాదా తీరడానికి ఇంకో సంవత్సరం పట్టింది, ప్రార్థన మాత్రం మరునాడు ఉదయమే గొంతు దాటి వచ్చింది. మీ అన్న తలుపు తీయకపోవచ్చు కూడా. వెళ్ళడం వరకే మన వంతు.

ఇక తిరిగి మొదలుపెట్టడం. ఉజ్జీవ కూటాల్లో ఏడ్చి, రేపటినుంచి రెండు గంటలు ప్రార్థిస్తానని మొక్కుకొని నాలుగోరోజే మానేసినవారిని ఎందరినో చూశాను. బ్యారన్‌లో ఆకు పండి పసుపు రంగుకు తిరగకముందే వేడి ఒక్కసారిగా పెంచితే ఆకుపచ్చగానే ఆరిపోతుంది, ఆ తరువాత ఎంత కాల్చినా ఆ రంగు మారదు. వేడిని మెల్లగా, కొద్ది కొద్దిగా పెంచాలి. అందుచేత పదిహేను నిమిషాలతో మొదలుపెట్టండి, రోజూ అదే వేళకు, అదే చోట కూర్చోండి, ఫోను వేరే గదిలో పెట్టండి. ఒక కీర్తనను పైకి చదవండి, సువార్తలలో ఒక చిన్న భాగం చదవండి, ఆ తరువాత ఉన్నది ఉన్నట్టు మాట్లాడండి. "ప్రభువా, నాకు నీతో మాట్లాడాలని లేదు" అన్నది కూడా ప్రార్థనే. ఒకరోజు తప్పితే మరునాడు రెట్టింపు చేయకండి, మామూలుగా కూర్చోండి. నెల గడిచాక సమయం దానంతటదే పెరుగుతుంది.

మొదట్లో ఏ ఆనందమూ కలగకపోవచ్చు. ఒంగోలు కొండ మీద 1854 జనవరి 1 తెల్లవారుజామున అమెరికన్ బాప్టిస్టు మిషనరీలైన జ్యూయెట్ దంపతులు, ముగ్గురు తెలుగు విశ్వాసులు, మొత్తం ఐదుగురు ప్రార్థించారు. అప్పటికి నెల్లూరు మిషన్ పనిలో ఫలం ఎంత తక్కువంటే, దానిని మూసివేయాలన్న ఆలోచన అమెరికాలో నడిచింది. ఒంగోలుకు సేవకుణ్ణి పంపమని వారు అడిగితే, అదే మిషన్‌కు చెందిన క్లౌ దొర వచ్చి అక్కడ కాపురం పెట్టినది 1866లో. ప్రార్థనకూ జవాబుకూ మధ్య పన్నెండేళ్ళు గడిచాయి, ఆ కొండ దిగిన ఉదయాన వారికి కనిపించిన గుర్తు ఏమీ లేదు.

ఆ దొర చరిత్రలోనే ఇంకొక సంగతి కూడా ఇక్కడ ఆలోచించదగినది. 1876–78 కరువులో ఆయన బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ళ పని కాంట్రాక్టు తీసుకొని ఆకలిగొన్నవారికి కూలి కల్పించాడు. బాప్తిస్మం కోరి వచ్చినవారిని మాత్రం సహాయం ఆగేవరకు ఆపి ఉంచాడు, కూటి కోసం వచ్చారో ప్రభువు కోసం వచ్చారో తేలాలని. తరువాత 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో 2,222 మంది బాప్తిస్మం పొందారు. మనం కూడా తిరిగి వచ్చేటప్పుడు, పంటకు ధర, అమ్మాయి పెండ్లి, అప్పు తీరడం, వీటి కోసమేనా అని నిజాయితీగా మనల్ని మనమే ప్రశ్నించుకోవాలి. వాటిని అడగవచ్చు, అవి దొరకకపోయినా ఆయనే కావాలని చెప్పగలమా లేదా అన్నది పరీక్ష.

ప్రభువు బల్లను యోగ్యుడనయ్యేవరకు అని నెలల తరబడి వాయిదా వేయకండి. ఒప్పుకొని, సమాధానపడి, వెళ్ళండి. కూటానికి చాపలు పరచడం, ఆసుపత్రిలో ఉన్నవారికి కారియరు తీసుకెళ్ళడం వంటి, పేరు రాని పని ఒకటి చేతిలో పెట్టుకోండి.

ఇంట్లోవారికి ఒక మాట. మీవాడు తిరిగి వస్తున్నాడని తెలిస్తే, వెంటనే సాక్ష్యం చెప్పమని సంఘంలో నిలబెట్టకండి, ఇన్నాళ్ళూ ఏమైపోయావని అడగకండి. ఆ రాత్రి కుటుంబ ప్రార్థనకు పిలిచి, కీర్తన చదివే పని అతనికి ఇవ్వండి.