తుంటి మార్పిడి ఆపరేషన్ అయ్యి ఇంటికి వస్తున్నారా? ముందు ఇంట్లో ఎత్తులు చూసుకోండి

తుంటి కీలు మార్చినవాళ్ళని ఇప్పుడు మర్నాడే, ఒక్కోచోట అదే రోజు సాయంత్రమే, వాకర్ పట్టించి నడిపిస్తున్నారు. కొద్ది రోజులకే డిశ్చార్జి. నడుస్తున్నారు కదా అని ఇంట్లోవాళ్ళు నిశ్చింతగా ఉంటారు, కానీ హాస్పిటల్లో మంచం ఎత్తుగా ఉంటుంది, కమోడ్ ఎత్తుగా ఉంటుంది, పక్కన గోడకి పట్టుకోవడానికి రాడ్ ఉంటుంది. మన కోనసీమలో అయినా, పాలకొల్లు, భీమవరం వైపయినా ఇంట్లో సగం పనులు నేలకి దగ్గరగానే జరుగుతాయి. పీట మీద కూర్చుని కూర తరగడం, కిందకి దిగిపోయిన నవారు మంచం, పడక కుర్చీ, ఇండియన్ టాయిలెట్. కొత్త తుంటికి మొదటి వారాల్లో ఇవన్నీ ప్రమాదమే.

కారణం ఏమిటంటే, కొత్త కీలులో ఒక గిన్నె, అందులో తిరిగే బంతి ఉంటాయి. దాన్ని పట్టి ఉంచాల్సిన కండరాలు, పొర ఆపరేషన్లో కోసి కుట్టినవి, అవి గట్టిపడటానికి వారాలు పడుతుంది. ఈలోగా తుంటి దగ్గర 90 డిగ్రీలు దాటి వంగినా, కాలు మీద కాలు వేసినా, ఆపరేషన్ కాలి పాదం లోపలికి తిప్పినా బంతి గిన్నెలోంచి బయటికి జారవచ్చు. ఈ మూడూ వెనక వైపు నుంచి చేసిన ఆపరేషన్‌కి చెప్పే జాగ్రత్తలు. ముందు వైపు నుంచి చేస్తే జాగ్రత్తలు వేరుగా ఉంటాయి, కాబట్టి డిశ్చార్జి రోజున డాక్టర్ని "ఎటు నుంచి చేశారు, ఏం చెయ్యకూడదు, ఎన్ని వారాలు" అని అడిగి కాగితం మీద రాయించుకోండి. పక్కింటివాళ్ళకి చెప్పిన జాగ్రత్తలు మీకు సరిపోకపోవచ్చు.

ఇంటికి తీసుకురాకముందే టేపు తీసుకుని, మనిషి నిలబడినప్పుడు నేల నుంచి మోకాలి వెనక మడత దాకా ఎంతుందో కొలవండి. కూర్చునే ప్రతి చోటూ దానికంటే రెండు మూడు అంగుళాలు ఎత్తుగా ఉండాలి. కూర్చున్నాక కూడా అంతే ఎత్తు ఉండాలి, దిండు నొక్కుకుపోతే లెక్క మారిపోతుంది. చేతులున్న గట్టి చెక్క కుర్చీ మంచిది. ఉయ్యాల బల్ల, సోఫా, పడక కుర్చీ కొన్నాళ్ళు వద్దు. నవారు మంచం బదులు పట్టెమంచం వెయ్యండి. అది పొట్టిదైతే వరదలప్పుడు పెట్టినట్టు మంచం కోళ్ళ కింద ఇటుకలు పెట్టేయకండి, కూర్చుని లేచేటప్పుడు జారతాయి. వడ్రంగి చేత మధ్యలో గుంట చెక్కించిన వెడల్పాటి దిమ్మలు చేయిస్తే కోడు అందులో కూర్చుంటుంది, కదలదు.

టాయిలెట్ సంగతి అన్నిటికంటే ముఖ్యం. సర్జికల్ షాపుల్లో కమోడ్ చైర్ దొరుకుతుంది, కొన్నిచోట్ల అద్దెకి కూడా ఇస్తారు. దాని కాళ్ళకి రబ్బరు బుడిపెలు గట్టిగా ఉన్నాయో లేదో చూసుకోండి. బాత్రూం పెరట్లో ఉంటే మొదటి రోజుల్లో అంతదూరం నడిపించకుండా, గదిలోనే ఓ మూల కమోడ్ చైర్ పెట్టి చీర అడ్డు కట్టండి. సిగ్గుపడితే ఇంట్లోవాళ్ళే నచ్చజెప్పాలి. వానాకాలం మన పెరళ్ళలో, నుయ్యి చుట్టూ గచ్చు మీద పాచి ఎలా పడుతుందో తెలిసిందే, వాకర్ ఉన్నా అక్కడ కాలు నిలవదు. పట్టాలు, డోర్ మ్యాట్లు తీసేయండి. చీర కుచ్చిళ్ళు, లుంగీ అంచు నేలకి తగలకూడదు. కరెంటు పోతే చీకట్లో లేవకుండా మంచం పక్కన చార్జింగ్ లైటు ఉంచండి. దోమతెర అంచు వాకర్ కాలికి చుట్టుకోకుండా పరుపు కిందకి దోపండి.

హాస్పిటల్ నుంచి వచ్చేటప్పుడు ఆటో వద్దు, కారు ముందు సీటు పూర్తిగా వెనక్కి జరిపి కాస్త వాల్చి ఎక్కించండి. ముందు వీపు సీటు వైపు పెట్టి కూర్చోవాలి, తర్వాత రెండు కాళ్ళూ కలిపి లోపలికి తిప్పుకోవాలి. సీటు మీద ప్లాస్టిక్ కవర్ పరిస్తే జరగడం తేలిక, బయలుదేరే ముందు దాన్ని లాగేయండి. కాకినాడ నుంచి అమలాపురం వైపు వచ్చేవాళ్ళు కోటిపల్లి దగ్గర పంటు (రేవు దాటించే పెద్ద పడవ) ఎక్కే బదులు యానాం, ఎదుర్లంక వంతెన మీదుగా రండి. నర్సాపురం నుంచి సఖినేటిపల్లి వైపయితే చించినాడ వంతెన. చుట్టు తిరుగుడే, కానీ రేవు దగ్గర ఏటవాలులో, పంటు కుదుపుల్లో ఆ కాలు పడే బాధ తప్పుతుంది.

కూర్చోబోయేటప్పుడు కాళ్ళ వెనక భాగం కుర్చీకి తగిలేదాకా వెనక్కి రావాలి, ఆపరేషన్ కాలు ముందుకి చాపి, కుర్చీ చేతులు పట్టుకుని దిగాలి. లేచేటప్పుడు వాకర్‌ని పట్టుకుని లాగకూడదు, అది మీదకి వచ్చేస్తుంది. తిరగాల్సి వస్తే ఒక కాలి మీద గిర్రున తిరగకుండా చిన్న చిన్న అడుగులు. మన అరుగులకి మెట్లుంటాయి కాబట్టి ఇది గుర్తుంచుకోండి: ఎక్కేటప్పుడు ముందు బాగున్న కాలు, దిగేటప్పుడు ముందు ఆపరేషన్ కాలు. సాయం చేసేవాళ్ళు ఎప్పుడూ కింది మెట్టు వైపే ఉండాలి. మీ అరుగు ఫోటో వ్యాయామాలు చేయించే ఫిజియోకి చూపించి హాస్పిటల్లోనే ఒకసారి చేయించుకుంటే ఇంకా మంచిది.

పడుకున్నప్పుడు కాళ్ళ మధ్య దిండు. మెలకువగా ఉన్నంతసేపూ గంటకోసారి పదిసార్లయినా పాదాలు పైకీ కిందకీ ఆడించాలి. చూడ్డానికి చిన్న పనే కానీ పిక్కల్లో రక్తం గడ్డకట్టకుండా కాపాడేది ఇదీ, డాక్టరిచ్చిన రక్తం పలచబడే మందూ. ఆ మందు నొప్పి లేదని ఆపేయకూడదు, చెప్పినన్ని రోజులూ వాడాలి. వాపు, తొడ మీద నీలంగా కమిలి మోకాలి దాకా దిగడం మామూలే. గుడ్డ చుట్టిన ఐసు 15, 20 నిమిషాలు పెట్టండి. కుర్చీలో అరగంట, ముప్పావుగంటకి మించి ఒకే తీరున కూర్చోకండి.

ఇక చుట్టాలు. ప్రేమతోనే వస్తారు, పిన్ని ఆముదం తెస్తుంది, వదిన కాపడం పెడతానంటుంది. ఆ కాలికి నూనె మర్దన చెయ్యనివ్వకండి. పిక్కలో గడ్డ ఉంటే మర్దనకి అది కదిలి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు, అది ప్రాణం మీదకి వస్తుంది. కుట్ల మీద పసుపు, కొబ్బరినూనె, ఏ పొడీ వద్దు. డాక్టర్ సరేననేదాకా తడిగుడ్డతో తుడుచుకోవడమే. పుండు పూర్తిగా మానేవరకు కాలవ నీళ్ళూ వద్దు, కార్తీకమాసమైనా గోదావరి స్నానమూ వద్దు. మనవలు కాళ్ళకి దండం పెడితే వంగి లేపకుండా కూర్చునే దీవించండి. పూజ కూడా కుర్చీలోనే.

"పప్పు తింటే చీము పడుతుంది" అని చారన్నం మాత్రమే పెట్టే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. నాకు మహా బాధ కలిగించే మాట అది. పుండు మానాలంటే మాంసకృత్తులు కావాలి: పప్పు, గుడ్డు, కొరమేను పులుసు, పెరుగు. నొప్పి మాత్రలకి మలబద్ధకం వస్తుంది, కాబట్టి తోటకూర, బొప్పాయి, నీళ్ళు బాగా. కొబ్బరి నీళ్ళు మనకి చవక, కానీ కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు డాక్టర్ని అడిగే తాగండి. నొప్పి మాత్ర ఫిజియో చేసే ముందు వేసుకుంటే వ్యాయామం సాగుతుంది. ఊళ్ళో మందుల షాపులో ఇంకో నొప్పి బిళ్ళ కొని కలపకండి, రక్తం పలచబడే మందుతో కలిస్తే కడుపులో రక్తస్రావం కావచ్చు.

పిక్క ఒక్కటే గట్టిపడి నొప్పిగా, ఎర్రగా వాచినా, పుండు నుంచి రసి కారుతున్నా, జ్వరం 101 దాటినా అదే రోజు సర్జన్‌కి ఫోన్ చెయ్యండి. ఆయాసం, ఛాతీలో నొప్పి వచ్చినా, తుంటిలో ఒక్కసారిగా భరించలేని నొప్పి పుట్టి కాలు పొట్టిగా, పక్కకి తిరిగిపోయినట్టు కనిపించినా వెంటనే 108. కాలు లాగి సరిచేసే ప్రయత్నం ఎవరూ చెయ్యకూడదు. లంక గ్రామాల్లో ఉండేవాళ్ళు, ముఖ్యంగా జులై, ఆగస్టు వరదల కాలంలో, కుట్లు విప్పేదాకా రోడ్డు సౌకర్యం ఉన్న ఊళ్ళో చుట్టాలింట్లో ఉండండి. కాజ్‌వే (ఏటికి అడ్డంగా వేసిన పల్లపు దారి) మునిగితే అంబులెన్స్ మీ ఇంటిదాకా రాలేదు.