గ్రేడింగ్‌కు పంపే ముందు నాణేన్ని తుడవకండి

నాణెం మీద చిన్న మసక కనిపిస్తే చెయ్యి ఊరుకోదు. నాదీ ఊరుకోలేదు. ఒక వెండి ప్రూఫ్ నాణేన్ని (సేకరించేవాళ్ల కోసం అద్దంలా మెరిసేలా ముద్రించినది) గ్రేడింగ్‌కు, అంటే దాని స్థితిని చూసి అంకె వేసే సంస్థకు, పంపే ముందు రోజు రాత్రి, కళ్లద్దాల గుడ్డతో రెండే రెండుసార్లు మెల్లగా తుడిచాను. మసక పోయింది. తర్వాత బల్బు కింద పెట్టి అటూ ఇటూ వంచి చూస్తే, అద్దంలా మెరిసే ఆ భాగం మీద వెంట్రుకల్లాంటి గీతలు. అన్నీ గుడ్డ కదిలిన వైపే. మసకనైతే నిపుణులు తీసేవాళ్లు. ఆ గీతల్ని ఎవరూ తీయలేరు.

కొత్త నాణేల విషయంలో ఇంత పట్టింపు ఎందుకంటే, గ్రేడింగ్ స్కేలు 1 నుంచి 70 వరకు ఉన్నా వీటి పోటీ అంతా 69కీ 70కీ మధ్యే. ఎన్‌జీసీ అనే గ్రేడింగ్ సంస్థ లెక్కలో 70 రావాలంటే ఐదు రెట్లు పెద్దది చేసి చూసినా టంకశాల దాటాక పడిన లోపం ఏదీ కనిపించకూడదు. తుడిచినట్టు తేలితే అంకె కూడా ఇవ్వకుండా ‘డీటెయిల్స్’ (అంటే లోపం ఉన్న నాణెం) అని రాసి పంపే ప్రమాదం ఉంది.

నిపుణులు చేసే శుభ్రతను కన్జర్వేషన్ అంటారు, అంటే మెరుగు పెట్టడం కాదు. లోహాన్ని ముట్టుకోకుండా, దాని మీద చేరిన పరాయి పదార్థాన్ని తీయడం. అందుకే ముందు మరక ఏమిటో గుర్తుపట్టాలి. ఆకుపచ్చగా, జిగురుగా ఉంటే అది మెత్తటి పీవీసీ ప్లాస్టిక్ కవర్ల నుంచి వచ్చింది. వదిలేస్తే లోహాన్ని తినేస్తుంది కాబట్టి ఆలస్యం చేయకూడదు. వేలిముద్ర తాజాదైతే పోవచ్చు, పాతబడితే లోహంలోకి దిగిపోతుంది. ప్రూఫ్ నాణేల మీది మసక చాలావరకు తీయదగ్గదే. వెండి మీద సున్నపు చుక్కల్లా కనిపించే మిల్క్ స్పాట్స్ మీద మాత్రం ఆశ పెట్టుకోకండి. అవి పోతాయన్న భరోసా ఎవరూ ఇవ్వలేరు, గ్రేడింగ్ అయ్యాక స్లాబ్ (నాణేన్ని పెట్టి మూసేసే ప్లాస్టిక్ పెట్టె) లోపల కూడా కొత్తగా బయటపడతాయి. సహజంగా వచ్చిన టోనింగ్ (కాలంతో లోహం మీద వచ్చే రంగు) అందంగా ఉంటే, నా మాట విని, దాన్ని అలాగే వదిలేయండి.

వెండి మెరుపు ద్రావణాల్లో ముంచడం అసలు వద్దు. ముంచినప్పుడల్లా పైపొర కొంత పోతుంది, దాంతో పాటే అసలు మెరుపూ పోతుంది. రాగికైతే అసహజమైన గులాబీ రంగు వచ్చేస్తుంది, చూడగానే తెలిసిపోతుంది.

ఇంట్లో చేయదగ్గది ఏదైనా ఉందంటే అసిటోన్ ఒక్కటే, అదీ వెండి, బంగారం మీది పీవీసీ జిగురుకు. స్వచ్ఛమైన అసిటోన్ కావాలి. గోళ్ల రంగు తీసే ద్రవంలో నూనెలు, సువాసనలు కలుస్తాయి, అది పనికిరాదు. గాజు గిన్నె వాడండి, ప్లాస్టిక్ కరిగిపోవచ్చు. కిటికీలు తెరిచి పెట్టండి. ఇట్టే అంటుకుంటుంది కాబట్టి దగ్గర్లో మంట ఉండకూడదు. నాణేన్ని కాసేపు ఉంచి, తాజా అసిటోన్‌లో మరోసారి ముంచి, అంచు పట్టుకుని తీసి గాలికి ఆరనివ్వండి. రుద్దొద్దు, అద్దొద్దు. రంగులు వేసిన నాణేలకు ఇది అసలే వద్దు, బొమ్మ రంగు లేచిపోతుంది. ఏమాత్రం అనుమానం ఉన్నా ఆగిపోండి.

నిపుణులకే ఇవ్వాలనుకుంటే ఎన్‌జీసీకి అనుబంధంగా ఎన్‌సీఎస్ అనే కన్జర్వేషన్ సంస్థ ఉంది, మరో గ్రేడింగ్ సంస్థ పీసీజీఎస్‌లో ఇదే పనిని రెస్టోరేషన్ అంటారు. పని అయ్యాక నాణెం మళ్లీ ఇంటికి రాకుండా నేరుగా గ్రేడింగ్‌కు వెళ్లే ఏర్పాటు ఉంటుంది. అదే మంచిది, ఎన్ని చేతులు తగ్గితే అంత నయం. అయితే మరక కింద లోహం అప్పటికే దెబ్బతిని ఉంటే, మరక పోయాక ఆ దెబ్బ ఇంకా బాగా కనబడుతుంది. ఇది ముందే తెలిసి పంపండి.

పంపే ముందు రెండు వైపులా ఫోటోలు తీయండి. క్యాప్సూల్‌లో (నాణెం పెట్టే గుండ్రటి ప్లాస్టిక్ డబ్బీలో) నాణెం కదిలి గలగలమంటే సరైన సైజుది మార్చండి. ఫ్లిప్ (మడత కవరు) వాడితే పీవీసీ లేని మైలార్ ప్లాస్టిక్‌దే తీసుకోండి, అదీ గట్టిగా ఉంటుంది కాబట్టి నాణేన్ని లోపలికి తోయకుండా, నోరు బాగా తెరిచి జారవిడవండి. పైన రబ్బరు బ్యాండు వేయొద్దు, అందులోని గంధకం వెండిని నల్లబరుస్తుంది.