పాత ట్యూబ్ బేస్ ప్రీఆంప్‌ని మళ్ళీ పలికించడం ఎలా?

పాత ప్రీఆంప్ (బేస్ గిటార్ సిగ్నల్‌ని పెంచి ఆంప్లిఫయర్‌కి పంపే, వాక్యూమ్ ట్యూబ్‌లతో నడిచే పెట్టె) ఇంటికి రాగానే ప్లగ్గు పెట్టి వినాలని చెయ్యి లాగుతుంది. ఆగండి. ఏళ్ల తరబడి కరెంటు చూడని ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లకి (ఛార్జ్ నిల్వ చేసే భాగాలకి) ఒక్కసారిగా పూర్తి వోల్టేజి తగిలితే షార్టై, ట్రాన్స్‌ఫార్మర్‌ని కూడా కాల్చేయవచ్చు. కెపాసిటర్ కొత్తది దొరుకుతుంది, ఆ ట్రాన్స్‌ఫార్మర్ దొరకడం కష్టం.

1. ప్లగ్గు పీకినా లోపల 300 వోల్టుల దాకా నిలిచి ఉండొచ్చు. మూత తీశాక ఫిల్టర్ కెపాసిటర్ (లోపలి డీసీని నిలకడగా ఉంచే పెద్ద ఎలక్ట్రోలిటిక్) ప్లస్ కాలికీ చాసిస్‌కీ (లోహపు చట్రానికీ) మధ్య 10 కిలోఓమ్‌ల, 5 వాట్ల రెసిస్టర్‌ని ఇన్సులేషన్ ఉన్న క్లిప్పులతో కాసేపు ఉంచండి. ఆ సమయంలో రెండో చెయ్యి జేబులోనే ఉండాలి. మల్టీమీటర్‌లో సున్నా చూశాక, ఐదు నిమిషాలాగి మళ్ళీ చూడండి. కొంత వోల్టేజి తిరిగి పుంజుకోవడం మామూలే. ఈ మాటలే టెన్షన్ పెడుతుంటే, ఈ పని తెలిసిన మెకానిక్‌కి అప్పగించడమే నయం.

2. వైరింగ్ ఫొటోలు తీసుకుని, ఫిల్టర్ కెపాసిటర్లన్నీ మార్చండి. వోల్టేజి రేటింగ్ పాతదానికి తగ్గకూడదు, ప్లస్ మైనస్ తారుమారు కాకూడదు. రెండు పిన్నుల తీగ ఉంటే మూడు పిన్నులది వేసి, ఎర్త్‌ని చాసిస్‌కి బోల్టుతో బిగించండి. ఫ్యూజు లైవ్ తీగ మీదే ఉండాలి. మెయిన్స్ నుంచి చాసిస్‌కి కట్టిన పాత కెపాసిటర్ కనిపిస్తే తీసేయండి.

3. మొదటిసారి ఆన్ చేసేటప్పుడు లైవ్ తీగలో సిరీస్‌గా 60 వాట్ల ఫిలమెంట్ బల్బు పెట్టండి (ఎల్‌ఈడీ పనికిరాదు). ఒక్క క్షణం వెలిగి మసకబారితే మంచిదే. అలాగే భగభగ వెలుగుతుంటే షార్టు ఉన్నట్టే, వెంటనే ఆపేయండి.

4. రెండో ట్యూబ్ గ్రిడ్ (సిగ్నల్ లోపలికి వెళ్ళే పిన్ను) దగ్గర డీసీ కొలవండి. దాదాపు సున్నా ఉండాలి. కొన్ని వోల్టులు కనిపిస్తే ముందున్న కప్లింగ్ కెపాసిటర్ (ఒక ట్యూబ్ నుంచి ఇంకోదానికి సిగ్నల్‌ని మాత్రమే పంపి డీసీని ఆపేది) డీసీని లీక్ చేస్తోందన్నమాట. కరకర శబ్దానికి నా మందు పొడి వెదురు పుల్ల: ఆన్‌లో ఉండగా దానితో ఒక్కో భాగాన్నీ మెల్లగా తట్టితే, తప్పు చేసినది తనే పలుకుతుంది. వాల్యూమ్ నాబ్‌లకైతే కాంటాక్ట్ క్లీనర్ చాలు.

5. ఇక అప్‌గ్రేడ్. బేస్ గిటార్ నాలుగో తీగ (E స్వరం) 41 హెర్ట్జ్, ఐదు తీగలదైతే ఐదోది (B స్వరం) 31 హెర్ట్జ్. గిటార్ కోసం కట్టిన సర్క్యూట్ అంత కింద పలచబడిపోతుంది. ఉదాహరణకి 0.0047 మైక్రోఫారడ్ కప్లింగ్ కెపాసిటర్ తర్వాత 220 కిలోఓమ్‌లు ఉంటే, 154 హెర్ట్జ్ నుంచే తగ్గుదల మొదలు. అక్కడ 0.047 వేస్తే అది 15 హెర్ట్జ్‌కి దిగుతుంది. ట్యూబ్ కాథోడ్ పిన్ను దగ్గర 0.68 మైక్రోఫారడ్ కనిపిస్తే 25 వేసి చూడండి. రెండూ ఒకేసారి మార్చకండి. బేస్ ఎక్కువై స్వరం ముద్దయిపోతే, ఏ మార్పు వల్లో తెలియదు.

బుస్‌మనే హిస్ ఉంటే మొదటి ట్యూబ్ ప్లేట్‌కున్న (సిగ్నల్ బయటికి వచ్చే పిన్నుకున్న) 100 కిలోఓమ్‌ల కార్బన్ రెసిస్టర్ బదులు మెటల్ ఫిల్మ్‌ది పెట్టండి. హమ్ (గుంయ్‌మనే మోత) వస్తే, ట్యూబ్‌లని వేడిచేసే హీటర్ తీగలు రెండింటినీ గట్టిగా మెలేసి చాసిస్ మూలకి అదిమి పెట్టండి. ట్యూబ్‌ల సంగతి ఆఖరున. చాలామంది వాటితోనే మొదలుపెట్టి డబ్బు పోసేస్తారు.

తీసిన పాత భాగాలని ఒక కవర్‌లో వేసి, ఏది ఎక్కడిదో రాసి, ప్రీఆంప్ లోపలే టేపుతో అంటించి పెట్టండి.