కాలేజీ ఐస్ హాకీ కోచ్‌గా మారిన మాజీ ఆటగాడి వృత్తి పరిచయం రాయడం ఎలా?

అమెరికా కాలేజీ ఐస్ హాకీలో పేరు తెచ్చుకున్న కోచ్‌లలో చాలామంది ఒకప్పుడు కాలేజీ జట్టు జెర్సీ వేసుకుని ఆడినవారే. అలాంటి వ్యక్తి గురించి పరిచయ వ్యాసం రాయడానికి కూర్చున్నవారు ఒకే మనిషికి చెందిన రెండు వృత్తులను రాయవలసి ఉంటుంది. ఆటగాడిగా గడిపిన కాలాన్ని రెండు వాక్యాల్లో ముగించి, మిగతా వ్యాసమంతా గెలుపుల లెక్కతో నింపడం తరచుగా జరిగే పొరపాటు. అలా రాస్తే ఆ కోచ్ ఎంత గెలిచాడో తెలుస్తుంది గానీ, ఎలాంటి జట్టును నిర్మించాడో తెలియదు.

రాయడానికి ముందు ఒక కాగితం మీద సంవత్సరాల పట్టిక వేసుకోండి. ఏ సీజన్‌లో ఏ జట్టు, ఏ హోదా, ఏ ఫలితం అన్నవి మాత్రమే అందులో ఉండాలి. కాలేజీ సీజన్ శరదృతువులో మొదలై వసంతంలో ముగుస్తుంది కాబట్టి ప్రతి సీజన్‌కూ రెండు సంవత్సరాలు రాయాలి. 1995-96 సీజన్ జాతీయ టైటిల్ 1996 నాటిదవుతుంది. పట్టికలో ఖాళీ కనిపించిన చోట ఆగి, కారణం తెలుసుకున్న తర్వాతే ముందుకు వెళ్లండి. విస్కాన్సిన్ మహిళల జట్టుకు 2002 నుంచి హెడ్ కోచ్‌గా ఉన్న మార్క్ జాన్సన్ పేరు 2009-10 సీజన్‌లో ఆ జట్టు పక్కన కనిపించదు. ఎవరో తొలగించారని అనుకుంటే తప్పు. ఆ ఏడాది ఆయన అమెరికా మహిళల ఒలింపిక్ జట్టును తయారు చేశారు. వాంకూవర్‌లో ఆ జట్టు రజతం గెలిచింది.

తర్వాత కోచ్ రికార్డు చదవడం నేర్చుకోవాలి. కాలేజీ హాకీలో రికార్డును గెలుపులు, ఓటములు, డ్రాలు అనే వరుసలో మూడు అంకెలుగా రాస్తారు. షాన్ వాల్ష్ శిక్షణలో మేన్ విశ్వవిద్యాలయం 1992-93లో 42-1-2తో టైటిల్ గెలిచింది. డ్రాను సగం గెలుపుగా లెక్కిస్తారు కనుక 45 మ్యాచ్‌లకు 43 గెలుపులతో సమానం, అంటే 0.956. గెలుపు శాతం రాసిన ప్రతిసారీ ఈ లెక్క మీరే వేసి చూడండి. షూటౌట్‌లో (సమమైన మ్యాచ్‌ను ఒక్కొక్కరి షాట్లతో తేల్చే పద్ధతిలో) తేలిన మ్యాచ్ కాన్ఫరెన్స్ (కొన్ని కాలేజీలు కలిసి ఆడే లీగ్) పట్టికలో అదనపు పాయింటు తెచ్చినా, అమెరికా కాలేజీ క్రీడలను నడిపే సంస్థ ఎన్‌సీఏఏ లెక్కలో మాత్రం డ్రాగానే మిగులుతుంది. ఒకే సీజన్‌కు రెండు చోట్ల రెండు రికార్డులు కనిపిస్తే, ముందుగా అనుమానించవలసింది దీన్నే.

అంకెలు సరిచూసుకున్న తర్వాత వాటిని తూచాలి. ఈ పనిలో అసలైన భాగం ఇదేనని నా అభిప్రాయం. వృత్తి హాకీలో ఒక మంచి ఆటగాడిని పదేళ్లు అట్టిపెట్టుకోవచ్చు. కాలేజీ కోచ్‌కు ఆ వీలు లేదు. ఆటగాడు మహా అయితే నాలుగు సీజన్లు ఉంటాడు, ప్రతిభావంతుడైతే అంతకన్నా ముందే వెళ్లిపోతాడు. కాబట్టి కోచ్ ఏటా జట్టులో కొంత భాగాన్ని కొత్తగా వెతికి తెచ్చుకోవాలి. ఒక్క టైటిల్ ఒక మంచి తరం వల్ల కూడా రావచ్చు. వరుసగా పదేళ్లు, ఇరవయ్యేళ్లు నిలకడ చూపిన జట్టు వెనుక మాత్రం కోచ్ చేయి తప్పక ఉంటుంది.

దీనికి రెడ్ బెరెన్‌సన్ కన్నా మంచి ఉదాహరణ నాకు కనిపించలేదు. మిషిగన్ విశ్వవిద్యాలయంలో ఆడి, 1962లో చదువు ముగిసీ ముగియగానే మాంట్రియల్ కెనేడియన్స్ జట్టులో చేరి, ఉత్తర అమెరికా ప్రధాన వృత్తి హాకీ లీగ్ అయిన ఎన్‌హెచ్‌ఎల్‌లో మొత్తం 987 మ్యాచ్‌లలో 261 గోల్స్ చేసి, 1968 నవంబర్ 7న సెయింట్ లూయిస్ తరఫున ఒకే మ్యాచ్‌లో ఆరు గోల్స్ కొట్టిన ఆటగాడు ఆయన. కోచ్‌గా 1981లో ఎన్‌హెచ్‌ఎల్ ఉత్తమ కోచ్‌కు ఇచ్చే జాక్ ఆడమ్స్ అవార్డు కూడా అందుకున్నారు. అంతటివాడు 1984లో తాను చదివిన మిషిగన్‌కే తిరిగి వచ్చి పగ్గాలు పడితే, మొదటి మూడు సీజన్లలోనూ గెలిచిన మ్యాచ్‌ల కన్నా ఓడినవే ఎక్కువ. ఎన్‌సీఏఏ టోర్నమెంటులో చోటు దొరకడానికి 1991 దాకా పట్టింది. ఆ తర్వాత 2012 వరకు వరుసగా 22 ఏళ్లు ఆ చోటు చేజారలేదు. 1996లోనూ 1998లోనూ టైటిల్ వచ్చింది. ఈ కథను 848 గెలుపులు అన్న ఒక్క మాటతో చెబితే, ఓటమితో గడిచిన ఆ తొలి సంవత్సరాలు, వాటిని ఓపికగా భరించిన విశ్వవిద్యాలయం, రెండూ పాఠకుడి కంట పడవు. పరిచయం రాసేటప్పుడు ఆ మూడు సీజన్లకు ఒక పేరా కేటాయించండి.

ఆటగాడి భాగం రాసేటప్పుడు కాలాన్ని బట్టి అంకెలను చదవాలి. గోల్స్, అసిస్ట్‌లు (గోల్‌కు దారితీసిన పాస్‌లు) కలిపితే పాయింట్లు అవుతాయి. ఒక గోల్‌కు ఇద్దరికి దాకా అసిస్ట్ దక్కుతుంది. 1960లలో ఎక్కువ కాలేజీలు మొదటి సంవత్సరం విద్యార్థిని ప్రధాన జట్టులో ఆడనిచ్చేవి కావు. అందువల్ల ఆనాటి ఆటగాడి మూడు సీజన్ల మొత్తాన్ని ఈనాటి నాలుగు సీజన్ల మొత్తంతో పోల్చకూడదు.

అంకెల మధ్య ఒక్క దృశ్యాన్నయినా దగ్గరగా చూపండి. 1980 ఫిబ్రవరి 22న లేక్ ప్లాసిడ్ ఒలింపిక్స్‌లో సోవియట్ జట్టుతో అమెరికా ఆడిన మ్యాచ్ మొదటి పీరియడ్ ముగుస్తుండగా, దూరం నుంచి వచ్చిన షాట్‌ను గోల్ కీపర్ ట్రెట్యాక్ ఆపాడు గానీ పక్ (ఐస్ హాకీలో బంతికి బదులు వాడే బిళ్ల) ఎదురుగా పడింది. అందరూ పీరియడ్ అయిపోయిందనుకుంటున్న ఆ క్షణంలో మార్క్ జాన్సన్ ఇద్దరు డిఫెండర్ల నడుమ దూసుకుపోయి, ఒక్క సెకను మిగిలి ఉండగా స్కోరు 2-2 చేశాడు. రెండో పీరియడ్‌కు ట్రెట్యాక్ మళ్లీ బరిలోకి దిగలేదు. జాన్సన్ ఎలాంటి ఆటగాడో చెప్పడానికి ఒక పేజీ విశేషణాలు చేయలేని పని ఈ మూడు వాక్యాలు చేస్తాయి.

ఆటకూ శిక్షణకూ మధ్య సంబంధం చూపేటప్పుడు జాగ్రత్త వహించండి. హెర్బ్ బ్రూక్స్ 1960 అమెరికా ఒలింపిక్ జట్టు నుంచి చివరి నిమిషంలో తప్పించబడ్డారు, ఆ జట్టు స్వర్ణం గెలిచింది. తర్వాత ఆయన 1964, 1968 ఒలింపిక్స్‌లో ఆడారు, మిన్నెసోటా కోచ్‌గా 1974, 1976, 1979లలో టైటిళ్లు తెచ్చారు, 1980లో స్వర్ణం గెలిచిన అమెరికా ఒలింపిక్ జట్టును నడిపారు. ఈ వాస్తవాలను వరుసలో పెట్టడం మీ పని. ఆయన మనసులో ఏముందో ఊహించి రాయడం మీ పని కాదు. ఆ కోచ్ స్వయంగా చెప్పిన మాట దొరికితే సరే, దొరకకపోతే వాస్తవాలే మాట్లాడతాయి.

శిష్యుల పేర్లు చేర్చాలనిపిస్తే, కోచ్ దగ్గర వారు ఆడిన సీజన్లు కూడా సరిచూడండి. 1980 జట్టు కెప్టెన్ మైక్ ఎరుజియోనే, గోల్ కీపర్ జిమ్ క్రెయిగ్‌లతో సహా నలుగురు బోస్టన్ విశ్వవిద్యాలయంలో జాక్ పార్కర్ దగ్గర ఆడినవారే. పార్కర్ కూడా ఒకప్పుడు అదే జట్టు ఆటగాడు. ఆయన 897 గెలుపులూ ఆ ఒక్క జట్టుతో వచ్చినవే.

చివరగా, ఒకటి కన్నా ఎక్కువ జట్లతో పనిచేసిన కోచ్ విషయంలో మొత్తాన్ని జట్ల వారీగా విడదీసి మళ్లీ కూడండి. జెర్రీ యార్క్ 1972 నుంచి 2022 దాకా క్లార్క్‌సన్‌లో 125, బౌలింగ్ గ్రీన్‌లో 342, తాను చదువుకున్న బోస్టన్ కాలేజీలో 656 మ్యాచ్‌లు గెలిచారు, మొత్తం 1,123. మీ వ్యాసంలోని కూడిక కూడా ఇలా సరిపోయినప్పుడే దాన్ని ప్రచురణకు పంపండి.