ఇంజన్ మౌంటింగ్‌లు, టార్క్ బ్రేస్‌లు – 3వ పాఠం: ఏ రబ్బరు, ఎంత గట్టిది?

ఇంజన్‌ని బాడీకి పట్టి ఉంచే రబ్బరు దిమ్మలే మౌంటింగ్‌లు. పోయిన పాఠంలో వాటి పరీక్షకు ఇచ్చిన పని చేశారా? బానెట్ ఎత్తి, హ్యాండ్‌బ్రేక్ లాగి, ఒకరు బ్రేక్ గట్టిగా తొక్కిపట్టి ఆటోమేటిక్ గేర్ లివర్‌ని డీ (ముందుకు) నుంచి ఆర్‌కి (వెనక్కి), ఆర్ నుంచి డీకి మార్చాలి. ఇంకొకరు బండి పక్కన నిలబడి (ముందు కాదు, ఎప్పుడూ పక్కనే) ఫోన్‌లో స్లో మోషన్ వీడియో తీయాలి. ఇంజన్ కాస్త ఒరిగి ఆగిందా, లేక ఎగిరిపడి ఠక్కుమని దేనికో కొట్టుకుందా? కొట్టుకుంటే మౌంటింగ్ చిరిగిందని అనుమానించాలి. ముందు కొత్త ఒరిజినల్ వేయించి, నెల్లాళ్లు తిరిగి, అప్పుడు ఈ పాఠానికి రండి. చిరిగిన ఒరిజినల్‌ని తీసి పాలీయూరిథేన్‌ది (రబ్బరు లాంటి గట్టి ప్లాస్టిక్) వేయించి ‘బండి మారిపోయింది బ్రో’ అనేవాళ్లను చాలామందిని చూశాను. ఆ మార్పులో చాలా భాగం కొత్త ఒరిజినల్‌తోనే వచ్చేది, అదీ వణుకు లేకుండా.

ఇవాళ్టి ఉదాహరణ ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ టీఎస్ఐ. స్పోర్ట్స్ కారంటే రెండు డోర్లే ఉండాలనేవాళ్లు నవ్వుకుంటే నవ్వుకోనివ్వండి. ఈ బండిని తీసుకోవడానికి నాకో కారణం ఉంది. 2013లో మన దేశానికి వచ్చిన పోలో జీటీలో 1.2 లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజన్. 2020లో దాని స్థానంలో వచ్చింది 1.0 లీటరు, మూడు సిలిండర్లది. టార్క్ (తిప్పే బలం) రెండింటికీ 175 న్యూటన్ మీటర్లే. బాడీ అదే, టార్క్ అదే, సిలిండర్లు మాత్రం వేరు. మౌంటింగ్‌ల గురించి చెప్పేవాడికి ఇంతకన్నా ఏం కావాలి?

బరువు మోసేవి, తన్ను ఆపేది

ఈ బండిలో ఇంజన్, గేర్‌బాక్స్ అడ్డంగా కూర్చుంటాయి. పట్టుకునేవి మూడు. ఇంజన్ చివర ఒకటి, గేర్‌బాక్స్ మీద ఒకటి. ఊయల బల్ల రెండు గొలుసులకు వేలాడినట్టు మొత్తం బరువు ఈ రెండింటికీ వేలాడుతుంది. ఆ ఊయల కింది అంచు ముందుకీ వెనక్కీ పోకుండా పట్టుకునే చెయ్యి మూడోది. సబ్‌ఫ్రేమ్‌కి (బండి అడుగున ఉండే ఇనుప చట్రం) కట్టిన పొట్టి కడ్డీ, బుష్‌లతో (ఇనుప గొట్టం చుట్టూ రబ్బరు). కుక్కకు వేసే బొమికలా ఉంటుందని డాగ్‌బోన్ అంటారు. మెకానిక్‌ని అడిగేటప్పుడు ‘కింది మౌంటింగ్’ అంటే చాలు, అర్థమవుతుంది.

ఈ చెయ్యి ఎంత ఆపాలో లెక్క వేద్దాం. మొదటి గేర్, ఫైనల్ డ్రైవ్ (చక్రాలకు ముందుండే చివరి పళ్లచక్రాల జత) కలిపి టార్క్‌ని సుమారు 14 రెట్లు పెంచుతాయనుకోండి. 175 × 14 = 2450 న్యూటన్ మీటర్లు. చక్రాలు ఎంత బలంతో ముందుకు తిరుగుతాయో అంతే బలంతో ఇంజన్ వెనక్కి తిరగాలని చూస్తుంది. పై మౌంటింగ్‌లకీ డాగ్‌బోన్‌కీ ఎత్తులో తేడా అర మీటరు అనుకుంటే, 2450 ÷ 0.5 = 4900 న్యూటన్లు. అంటే దాదాపు 500 కిలోలు. పాతిక కిలోల బియ్యం బస్తాలు ఇరవై కట్టి లాగినట్టు, గుప్పెడంత రబ్బరుని.

పొడి రోడ్డు మీద కూడా టైరు జారడం మొదలుపెడితే బలం అంతదాకా పోదు. అసలు చిక్కు తడి రోడ్డు మీద. టైరు జారుతుంది, పట్టుకుంటుంది, మళ్లీ జారుతుంది. దాంతోపాటు ఇంజన్ వెనక్కీ ముందుకీ ఊగుతుంది. రెండు ఊపులూ కలిస్తే ముందు చక్రాలు దడదడలాడతాయి. వీల్ హాప్ అనేది దీన్నే. డాగ్‌బోన్ గట్టిపడితే మొదట తగ్గేది ఇదే.

వెనక చక్రాలతో నడిచే స్పోర్ట్స్ కార్లలో లెక్క వేరు. ఫైనల్ డ్రైవ్ వెనక డిఫరెన్షియల్‌లో (రెండు చక్రాలకూ బలం పంచే పెట్టె) ఉంటుంది కాబట్టి ఇంజన్ మౌంటింగ్‌ల మీద పడేది గేర్‌బాక్స్ దాకా పెరిగిన టార్క్ మాత్రమే. ఇంజన్ ముందు వెనకలకు కాకుండా పక్కకు ఒరుగుతుంది. అమెరికాలో ఉండి మాజ్దా మియాటా కొనుక్కున్న మనవాళ్లు గమనించాలి: అందులో గేర్‌బాక్స్‌ని డిఫరెన్షియల్‌కి ఒక పొడవాటి దూలంతో బిగించేశారు, ఇంజన్‌కి ఉన్నవి చెరోపక్క రెండే మౌంటింగ్‌లు. బరువూ వాటి మీదే, తన్నూ వాటి మీదే. కాబట్టి మీకు ‘కిందిది గట్టిది, పైవి మెత్తనివి’ అనే వెసులుబాటు లేదు. ఒరిజినల్ కన్నా ఒక్క మెట్టు గట్టి రబ్బరు దగ్గర ఆగిపోండి.

20 హెర్ట్జ్ గడప

అసలు రబ్బరు ఎందుకొచ్చింది? 1931లో క్రైస్లర్ వాళ్లు ప్లిమత్ కారుకి ‘ఫ్లోటింగ్ పవర్’ అని పేరు పెట్టి ఇంజన్‌ని రబ్బరు మీద ఊగేలా కూర్చోబెట్టారు, నాలుగు సిలిండర్ల వణుకు సీటు దాకా రాకూడదని. దానికి పూర్తిగా ఎదురు 1967 నాటి లోటస్ 49 రేసు కారు. అందులో ఇంజనే కారుకి వెన్నెముక, వెనక చక్రాల భారం కూడా దాని మీదే, మధ్యలో రబ్బరు ఊసే లేదు. మన బండి ఈ రెండింటి మధ్య ఎక్కడో ఉండాలి. ఎక్కడన్నది సిలిండర్ల సంఖ్య చెబుతుంది.

సిగ్నల్ దగ్గర ఆగారు, ఐడ్లింగ్ (యాక్సిలరేటర్ తొక్కనప్పుడు ఇంజన్ తిరిగే వేగం) 800 ఆర్‌పీఎం, నిమిషానికి 800 చుట్లు. అంటే సెకనుకు 13.3 చుట్లు. నాలుగు సిలిండర్ల ఇంజన్ చుట్టుకి రెండుసార్లు పేలుతుంది, కాబట్టి దాని వణుకు 26.7 హెర్ట్జ్ (సెకనుకు అన్నిసార్లు). మూడు సిలిండర్లది చుట్టుకి ఒకటిన్నరసార్లు, అంటే 20 హెర్ట్జ్.

ఇప్పుడు మౌంటింగ్ వైపు నుంచి చూడండి. రబ్బరు మీద కూర్చున్న ఇంజన్‌ని తోసి వదిలితే తనంతట తాను ఊగే వేగం ఒకటుంటుంది. లెక్క కోసం 10 హెర్ట్జ్ అనుకుందాం. మౌంటింగ్ వణుకుని ఆపడం మొదలుపెట్టేది ఆ అంకెకి 1.41 రెట్లు దాటాకే, అంటే 14 పైన. అంతకు కింద అయితే ఆపకపోగా పెంచుతుంది. మౌంటింగ్‌ల గట్టిదనాన్ని రెట్టింపు చేశారనుకోండి. ఊగే వేగం రెట్టింపు కాదు, 1.41 రెట్లవుతుంది. 10 కాస్తా 14 అయింది. వణుకు ఆగడం మొదలయ్యే గడప 14 నుంచి 20కి జరిగింది.

నాలుగు సిలిండర్లది 26.7 దగ్గర ఉంది కాబట్టి ఇంకా ఒడ్డునే ఉంది. మూడు సిలిండర్లది సరిగ్గా గడప మీద నిలబడింది. ఐడ్లింగ్ ఇంకో యాభై ఆర్‌పీఎం దిగితే చాలు, గడప ఇవతలికి వచ్చేస్తుంది. అప్పుడు మౌంటింగే వణుకుని పెంచి బాడీకి పంపుతుంది.

నేనిది లెక్కతో నేర్చుకోలేదు. మూడు సిలిండర్ల పోలోకి ఒక షాపులో మూడు మౌంటింగ్‌లూ ఒకేసారి గట్టివి వేయించాను. ‘సెట్‌గా వేస్తేనే ఫీల్ వస్తుంది సార్’ అన్నాడు అక్కడి అబ్బాయి. ఫీల్ వచ్చింది. మెహదీపట్నం సిగ్నల్ దగ్గర అద్దంలో వెనక ఆటో రెండుగా కనిపించింది. వెనక సీట్లోంచి అమ్మ, ‘ఏరా, పిండిమర మీద కూర్చోబెట్టావా ఏంటి?’ అంది. వారం తిరక్కుండా పై రెండూ తీయించి పాతవి పెట్టించాను. కిందిది మాత్రం ఉంచాను. పిండిమర పోయింది. యాక్సిలరేటర్ తొక్కగానే, వదలగానే వచ్చే కుదుపు కూడా తిరిగి రాలేదు. అంటే నాకు కావలసిన పని మొదటినుంచీ కిందిది ఒక్కటే చేస్తోంది, పై రెండింటికీ డబ్బిచ్చి వణుకు కొనుక్కున్నాను.

కారణం చూస్తే సులువే. డాగ్‌బోన్ బరువు మోయదు. న్యూట్రల్‌లో నిలబడ్డ బండిలో దానికి పెద్దగా పని లేదు, వణుకు దాని గుండా తక్కువే పోతుంది. ఆటోమేటిక్‌లో డీలో పెట్టి బ్రేక్ మీద ఆగితే మాత్రం దాని మీద కొంత లాగుడు ఉంటుంది, స్టీరింగ్‌లో సన్నటి జలదరింపు తెలుస్తుంది. ఎన్‌లోకి వేస్తే తగ్గుతుంది. ఈ మాత్రానికి సిద్ధపడితేనే ముందుకెళ్లండి.

ఇంకో మాట, పాత 1.2 ఇంజన్‌తో డీఎస్‌జీ (రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ గేర్‌బాక్స్) ఉన్నవాళ్లకి. ట్రాఫిక్‌లో నెమ్మదిగా పాకుతున్నప్పుడు వచ్చే వణుకు చాలాసార్లు డ్రై క్లచ్‌ది, మౌంటింగ్‌ది కాదు. గట్టి మౌంటింగ్ వేస్తే అది తగ్గదు, ఇంకా బాగా తెలుస్తుంది.

కొనేటప్పుడు

ప్యాకెట్ మీద షోర్ ఏ అని ఒక అంకె ఉంటుంది, గట్టిదనానికి కొలత. మీ కారు టైరు మీద గోరు నొక్కి చూడండి, అది సుమారు 65. సూపర్‌మార్కెట్ ట్రాలీ చక్రం 90 పైమాటే. రోజూ తిరిగే బండికి డాగ్‌బోన్‌లో 65 నుంచి 75 మధ్య చాలు. 80 దాటినవి చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌కి తీసుకెళ్లే బండికి, అదీ ట్రెయిలర్ మీద తీసుకెళితే.

కానీ ఆ అంకె ఒక్కదాన్నే నమ్మొద్దు. ఒరిజినల్ బుష్‌ని చేతిలోకి తీసుకుని వెలుతురుకి ఎత్తి పట్టండి. మధ్య ఇనుప గొట్టానికి అటూ ఇటూ చంద్రవంకల్లా ఖాళీలు కనిపిస్తాయి. ఇంజన్ కొంతదూరం ఆ ఖాళీలోనే తేలిగ్గా ఊగుతుంది, ఖాళీ అయిపోయాక రబ్బరు నిజంగా నలుగుతుంది. అదే రబ్బరుతో ఖాళీలు లేకుండా బుష్ చేస్తే, అంకె మారకుండానే గట్టిదనం ఎంతో పెరుగుతుంది. ఈ కిటుకు మీదే ఇన్సర్ట్‌లు నడుస్తాయి. పాత బుష్ ఖాళీల్లో దూర్చే పాలీయూరిథేన్ ముక్కలవి. డాగ్‌బోన్ మొత్తం మార్చక్కర్లేదు, నచ్చకపోతే లాగి పడేయొచ్చు, ఖర్చూ తక్కువ. మొదటిసారి చేసేవాళ్లందరికీ నేను చెప్పేది ఇదే. పెట్టేముందు సిలికాన్ గ్రీజు రాయండి. పెట్రోలియం గ్రీజు రాస్తే పక్కనున్న అసలు రబ్బరు ఉబ్బి పాడవుతుంది. ఏ గ్రీజూ రాయకపోతే పాత తలుపులా కిర్రుమంటుంది.

పై మౌంటింగ్ లోపల ద్రవం ఉన్న రకమైతే ఇంకా జాగ్రత్త. ఐడ్లింగ్‌లో మెత్తగా, పెద్ద కుదుపుకి గట్టిగా ఉండాలని కష్టపడి చేసినవి అవి. పోర్షా 911 జీటీ3లో ఇంకో అడుగు ముందుకేసి, అయస్కాంతంతో గట్టిపడే ద్రవం పోసిన మౌంటింగ్‌లు ఇచ్చారు, ట్రాక్ మీద గట్టిగా, రోడ్డు మీద మెత్తగా. అంత తెలివైనదాన్ని తీసి పాలీ ముద్ద పెడితే పోయేదే ఎక్కువ. చుట్టూ నల్లగా తడి కనిపిస్తే ద్రవం కారుతోందని అర్థం, ఒరిజినల్‌తోనే మార్చండి.

బోల్ట్‌ల విషయంలో పీనాసితనం వద్దు. ‘ఇంత టార్క్, ఆపైన ఇన్ని డిగ్రీలు’ అని మాన్యువల్‌లో ఉన్న ప్రతి బోల్ట్ బిగించినప్పుడు సాగుతుంది. దాన్ని మళ్లీ వాడకూడదు.

టార్క్ బ్రేస్

ఇంజన్ తలకీ సస్పెన్షన్ టవర్‌కీ (షాక్ అబ్సార్బర్ పై చివర బిగించే బాడీ భాగం) మధ్య మెరిసే కడ్డీ. బానెట్ ఎత్తితే అందరి కళ్లూ దాని మీదే పడతాయి. అమ్ముడుపోవడానికి సగం కారణం అదేనని నా అనుమానం.

పని చేస్తుందా అంటే, చేస్తుంది. ఊయలని కింద పట్టుకునే బదులు పైన పట్టుకుంటుంది. పోలోలాంటి బండిలో కింద ఇప్పటికే ఒక చెయ్యి ఉంది కాబట్టి, దాన్ని గట్టిపరిచాక కూడా ఊపు మిగిలితేనే పై చెయ్యి గురించి ఆలోచించాలి. పైగా ఇది వణుకుకి కొత్త దారి తెరుస్తుంది. పై మౌంటింగ్ కష్టపడి ఆపినది ఈ కడ్డీ గుండా టవర్‌కి, అక్కడి నుంచి డ్యాష్‌బోర్డ్‌కి వెళ్లిపోతుంది. రెండు చివరలా ఇనుప బాల్ జాయింట్లున్నవి రోడ్డు మీద వద్దు. ఒక చివరైనా బుష్ ఉన్నది గానీ, షాక్ అబ్సార్బర్‌లా లోపల డ్యాంపర్ ఉన్నది గానీ తీసుకోండి. డ్యాంపర్ రకం ఐడ్లింగ్ వణుకుని కొంతవరకు వదిలేసి పెద్ద ఊపుని పట్టుకుంటుంది.

ఎక్కడ బిగిస్తున్నారో కూడా చూడండి. ఇంజన్ వైపు ఇంజన్‌ని ఎత్తడానికి ఇచ్చిన కొక్కెం దగ్గరి పోత భాగానికి బిగించాలి, ప్లాస్టిక్ వాల్వ్ కవర్‌కి కాదు. బాడీ వైపు పల్చటి రేకుకి బిగిస్తే ఏడాదిలో ఆ రేకు పగులుతుంది. కడ్డీ ఇంజన్ ఊగే దిశలోనే, అంటే ముందు వెనకలుగా ఉండాలి. అడ్డంగా పెడితే అది అలంకారం. బిగించే ముందు ఇంజన్‌ని న్యూట్రల్‌లో ఒకసారి స్టార్ట్ చేసి ఆపండి, అది తన చోట కుదురుకుంటుంది. కడ్డీ పొడవుని ఆ దూరానికి సర్ది, బోల్ట్ వేళ్లతో సులువుగా దూరాక బిగించండి. సుత్తితో కొట్టి దూర్చారంటే ఇంజన్‌ని ఎప్పటికీ ఒక పక్కకు లాగి పెట్టినట్టే.

వచ్చే పాఠానికి పని

ఇంట్లో పాత శుభలేఖ ఒకటి ఉంటుంది కదా, గట్టి అట్టది. బండి చల్లగా ఉన్నప్పుడు దాన్ని ఇంజన్ పక్కన కదలని బాడీ భాగానికి టేపుతో నిలువుగా అంటించండి. ఒక స్కెచ్ పెన్నుని జిప్ టైతో ఇంజన్ కొక్కేనికి కట్టండి, మొన అట్టని తాకేలా. తీగలూ చేతులూ బెల్ట్‌కి దూరంగా ఉండాలి. మళ్లీ మొదటి పరీక్షే: బ్రేక్ మీద డీ, ఆర్, డీ, ఆర్, నాలుగుసార్లు. పెన్ను అట్ట మీద ఒక గీత గీస్తుంది. స్కేలుతో కొలిచి తేదీ వేసి దాచండి. ఇన్సర్ట్ పెట్టాక ఇంకో రంగు పెన్నుతో అదే అట్ట మీద మళ్లీ గీయిస్తాం.

వచ్చేసారి డాగ్‌బోన్ విప్పుతాం. రెండు యాక్సిల్ స్టాండ్లు (ఎత్తిన బండిని మోసే ఇనుప కాళ్లు) అద్దెకైనా తెచ్చి ఉంచండి. ఒక్క జాక్ మీద నిలబెట్టిన బండి కింద నేను దూరను, మిమ్మల్నీ దూరనివ్వను.