బూజుతో మట్టి శుద్ధి – 3వ పాఠం: గడ్డి నుంచి మట్టిలోకి

వాడేసిన ఇంజన్ ఆయిల్ ఇంకిన మట్టిని పుట్టగొడుగు బూజుతో శుభ్రం చేయడం ఈ పాఠాల పని. గత పాఠంలో ఉడికించి ఆరబెట్టిన వరిగడ్డిలో ఆయిస్టర్ పుట్టగొడుగు విత్తనం కలిపి సంచులకెత్తాము. గడ్డి అంతా తెల్లని పోగులు అల్లుకొని, సంచి చించినా రాలిపోకుండా ఒకే ముద్దగా నిలిస్తే అది ఈ పాఠానికి సిద్ధమైనట్టే. ఆకుపచ్చ మచ్చలు కనబడిన సంచిలో చేరింది వేరే బూజు కాబట్టి దాన్ని వాడకండి.

విత్తనాన్ని నేరుగా మట్టిలో చల్లితే సరిపోదా అని చాలామంది అడుగుతారు. సరిపోదు. ఇది చెట్ల మానుల మీద బతికే శిలీంధ్రం. మట్టిలో ముందునుంచీ ఉన్న బాక్టీరియాతో పోటీపడి నిలవాలంటే దానికి తిండిగా గడ్డి తోడుండాలి. కర్రకు గట్టిదనాన్నిచ్చే లిగ్నిన్ అనే పదార్థాన్ని విడగొట్టడానికి అది బయటికి వదిలే లాకేజ్, మాంగనీస్ పెరాక్సిడేజ్ అనే ఎంజైములు లిగ్నిన్‌తోనే ఆగవు, వాడేసిన ఇంజన్ ఆయిల్‌లోని మొండి వలయాకార అణువుల మీద కూడా పనిచేస్తాయి. ఇలా లిగ్నిన్‌ను తినేసి కర్రను తెల్లగా కుళ్లబెట్టే శిలీంధ్రాలను తెల్లకుళ్లు శిలీంధ్రాలంటారు. ఇదే కోవకు చెందిన ఫానెరోకీట్ క్రైసోస్పోరియం అనే మరో శిలీంధ్రం డీడీటీని సైతం విచ్ఛిన్నం చేయగలదని అమెరికా శాస్త్రవేత్తలు 1985లోనే చూపారు.

ఇక పనిలోకి వద్దాం. అనంతపురంలో ట్రాక్టరు షెడ్ల ముందు ఆయిల్ ఇంకి నల్లబడిన ఎర్రమట్టి ఎక్కడైనా దొరుకుతుంది. చేతులకు తొడుగులు వేసుకొని మూడు తట్టల మట్టి తెచ్చి, గడ్డలు చిదిమి, రాళ్లు ఏరేసి, మూడు ప్లాస్టిక్ తొట్లలోకి సమంగా పంచండి. మొదటి తొట్టిలో తట్ట మట్టికి తట్ట చొప్పున బూజు పట్టిన గడ్డిని చేతితో తుంచి పొరలు పొరలుగా పరవండి. మరీ నలిపితే పోగులు తెగి కోలుకోవడానికి ఆలస్యమవుతుంది. రెండో తొట్టిలో విత్తనం వేయని, ఉడికించిన గడ్డిని అంతే కలపండి. మూడోదానిలో ఏమీ కలపవద్దు. రెండో తొట్టి దండగని అనిపించవచ్చు గానీ, నా దృష్టిలో ఈ పాఠానికి ప్రాణం అదే: గడ్డి కలిపి గాలి ఆడేలా చేస్తే మట్టిలోని బాక్టీరియా కూడా కొంత ఆయిల్ తినేస్తుంది, ఆ ఘనతను పుట్టగొడుగు ఖాతాలో వేయకూడదు.

యూరియా జోలికి పోకండి. గడ్డిలో నత్రజని పెరిగితే పోటీ బూజులే ముందు బలుస్తాయి. మన ఎండకు తడి నిలవడమే అసలు కష్టం. తొట్లను నీడన పెట్టి, తడి గోనెపట్టా కప్పి, పిడికెడు మట్టి పిసికితే చెయ్యి తడవాలి గానీ నీళ్లు కారకూడదన్నంత తేమ మూడింటిలోనూ ఉంచండి. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు ఇది సులువు. మార్చి దాటాక మొదలుపెట్టకపోవడమే మేలు.

తొట్టిలో పుట్టగొడుగులు పూస్తే ముచ్చటపడి కూర వండుకోవద్దు, మేకలకూ వేయవద్దు. వాడిన ఆయిల్‌లో జింకు, సీసం వంటి లోహాలుంటాయి. బూజు నూనెను విరగ్గొట్టగలదు గానీ లోహాన్ని మాయం చేయలేదు, పైగా పుట్టగొడుగులోకి లాగుతుంది. కోసినవాటిని విడిగా సంచిలో కట్టి ఉంచండి. పెంటకుప్పలో కలిపితే లోహం తిరిగి చేనికే చేరుతుంది.

వచ్చే పాఠంలో మూడు తొట్ల మట్టిలోనూ పెసలు నాటి, ఎక్కడ ఎన్ని మొలిచాయో లెక్కిద్దాం.